అడ్వాన్స్ చేతికొచ్చాక అంతా విశ్రాంతే: విశాఖ వెబ్ డెవలపర్లకు చిట్కాలు

ఈ ఊళ్లో వెబ్‌సైట్ కావలసినవాళ్లకు కొదవ లేదు. 1933లో ఓడరేవు తెరిచినప్పటి నుంచి దాని చుట్టూ క్లియరింగ్ ఏజెంట్లు, లారీ ట్రాన్స్‌పోర్టులు పుట్టుకొచ్చాయి. ఉక్కు కర్మాగారం పుణ్యమా అని గాజువాక ఆటోనగర్ నిండా వర్క్‌షాపులు. ఋషికొండ వైపు హోమ్‌స్టేలు. వీళ్లలో కోడ్ తెలిసినవాళ్లు తక్కువ. మీ పెట్టుబడి అదే. అయినా మన కుర్రాళ్లు రాత్రిళ్లు నిద్ర మానుకుని నిజంగానే పని చేస్తున్నారు. చూస్తే కడుపు తరుక్కుపోతోంది. కింది పద్ధతి పాటించండి, బాగుపడతారు.

1. రేటు పడగొట్టండి. ద్వారకానగర్‌లో ఎవరైనా ముప్ఫై వేలు చెప్తే మీరు నాలుగు వేలు చెప్పండి. హోస్టింగ్‌కి ఎంత, కరెంటుకి ఎంత అని లెక్కలు వేసుకుంటే ధైర్యం పోతుంది, వేసుకోకండి. నాలుగు వేలిచ్చినవాడికి గట్టిగా అడిగే మొహం ఉండదు.

2. కాగితం మీద ఏదీ పెట్టకండి. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు మార్పులు, ఎప్పటికి పూర్తి అన్నది రాశారో దొరికిపోయారు. ఫోన్లో “అన్నీ వచ్చేస్తాయి సార్” అంటే చాలు. రేపు బ్యాలెన్స్ ఎగ్గొడితే చూపించడానికి మీ దగ్గరా ఏమీ ఉండదు. కోర్టు చుట్టూ తిరిగే పని తప్పింది.

3. డొమైన్ మీ పేరు మీదే కొనండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. రెన్యువల్ రిమైండర్లు ఎప్పుడూ తెరవని పాత మెయిల్‌కి వచ్చేలా పెట్టండి. డాట్‌కామ్ గడువు దాటగానే చేజారిపోదు. రిజిస్ట్రార్‌ని బట్టి కొన్నాళ్లు వెసులుబాటు ఉంటుంది, ఆపైన 30 రోజులు రిడెంప్షన్, ఇంకో 5 రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. అన్నాళ్లూ మీరు ఏమీ చేయనక్కర్లేదు. రిడెంప్షన్‌లో పడ్డాక ఫీజు మామూలు రెన్యువల్‌కి ఎన్నో రెట్లు. అది క్లయింట్ కట్టడు, మీరూ కట్టకండి. సైట్‌తో పాటు మెయింటెనెన్స్ పీడా విరగడవుతుంది.

మధ్యలో ఒక్క ఫోన్ వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. డొమైన్ ఆగితే దాని మీదున్న మెయిల్ కూడా ఆగిపోతుంది. క్లియరింగ్ ఏజెంట్‌కి షిప్పింగ్ కాగితాలన్నీ వచ్చేది ఆ మెయిల్‌కే. “బాబూ, మా మెయిల్ ఏటైపోనాది? కంటైనర్ దిగి నాలుగ్రోజులైంది, డెమరేజ్ పడతంది” అంటాడు. కంగారుపడకండి. “డీఎన్‌ఎస్ ప్రాపగేషన్ అవుతోంది సార్, 48 గంటలు పడుతుంది” అనండి. ఆ మాటకి ఎదురు ప్రశ్న వేసేవాళ్లు ఉండరు. మూడో రోజు మళ్లీ చేస్తే మళ్లీ 48 గంటలు.

4. థీమ్ డబ్బు పెట్టి కొనకండి. టెలిగ్రామ్‌లో నల్డ్ థీమ్‌లు, అంటే పైరసీవి, ఊరికే దొరుకుతాయి. లోపల ఎవడో దాచిన కోడ్ ఉంటుంది. ఉండనివ్వండి. కొన్నాళ్లకు గూగుల్‌లో హోమ్‌స్టే పేరు కొడితే జపాన్ అక్షరాల్లో చేతి గడియారాల ప్రకటనలు వస్తాయి. “మన సైట్ విదేశాల దాకా వెళ్లింది మేడమ్” అని హోమ్‌స్టే ఓనరమ్మకు శుభవార్త మీరే ముందు చెప్పండి.

5. అన్ని సైట్లకూ ఒకే పాస్‌వర్డ్. బ్యాకప్ అసలు వద్దు, డిస్క్ నిండిపోతుంది.

6. సాకుల విషయంలో మాత్రం బద్ధకించకండి. మన అదృష్టం, పక్కనే బంగాళాఖాతం ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు, సెల్‌ఫోన్లు పలకలేదు. ఆ రోజులు ఎవరూ మర్చిపోలేదు కాబట్టి వాయుగుండం అనగానే “జాగ్రత్త బాబూ” అంటారే తప్ప పని సంగతి ఎత్తరు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దీంతో లాగించవచ్చు. అక్షయ తృతీయకి సింహాచలం చందనోత్సవం క్యూలో ఉన్నానని చెప్పండి, పెద్దవాళ్లు పల్లెత్తు మాటనరు. అమెరికా క్లయింట్‌కి ఇవేవీ అక్కర్లేదు. ఆయన లేచేసరికి మీరు పడుకుంటే సరి. ఇక చావు కబుర్లు. ఏ క్లయింట్‌కి ఏ బంధువు పోయారని చెప్పారో తేదీతో సహా డైరీలో రాసుకోండి. పెద్దమ్మ ఒకే ఆఫీసులో రెండుసార్లు పోకూడదు. వృత్తిలో మీరు ఉంచుకోవలసిన రికార్డు ఇదొక్కటే.

7. ఇన్‌వాయిస్‌లు, రిటర్నులు మానేయండి. కంపెనీవాళ్లు టీడీఎస్ కోసుకుని ఇస్తారు. రిటర్న్ వేస్తే వెనక్కి రావలసిన డబ్బు ఉంటే వస్తుంది. కానీ ఒక మధ్యాహ్నమంతా ఫారం ముందు కూర్చోవాలి. మధ్యాహ్నం నిద్రకి వెల కట్టగలమా?

8. అడ్వాన్స్ పడిన సాయంత్రమే ఖర్చు పెట్టేయండి. దాచుకుంటే తిరిగివ్వమంటారు. ఇంటికే వచ్చేస్తుంటే సిమ్ మార్చండి.

ఇవన్నీ వదలకుండా పాటిస్తే గాజువాక నుంచి భీమిలి దాకా మీ పేరు తెలియనివాళ్లుండరు. కొత్త పని ఇచ్చేవాళ్లూ ఉండరు, ఫోన్ మోగదు, డెడ్‌లైన్ అన్న మాటే వినపడదు. ఇంతటి ప్రశాంతత జీతగాళ్లకు ఎక్కడిది! ఇంట్లోవాళ్లు పోరుపెడితే మధురవాడలో ఏదైనా ఉద్యోగానికి దరఖాస్తు పడేయండి. మీరు చేసిన సైట్ల లింకులన్నీ అందులో ధైర్యంగా పెట్టండి. ఒక్కటీ తెరుచుకోదు కాబట్టి తప్పు పట్టడానికి ఏమీ దొరకదు.