లెక్కపెట్టకండి, ఇది ఫ్రాన్స్

2020 ఫిబ్రవరి. పారిస్‌లో సీజర్ సినిమా అవార్డుల సభ. నటి ఐసా మైగా మైకు పట్టుకుని, ఇలాంటి సభకు ఎప్పుడొచ్చినా హాల్లో నల్లవాళ్ళు ఎందరున్నారో లెక్కపెట్టకుండా ఉండలేనన్నారు. సినిమా పెద్దలకు కుర్చీల్లో ముళ్ళు మొలిచాయి. హాలు అంత తెల్లగా ఉన్నందుకు కాదు సుమండీ, ఆ ముక్క పైకి అన్నందుకు!

ఆ దేశంలో లెక్కపెట్టడమే అపచారం. రాజ్యాంగం మొదటి అధికరణంలోనే జాతి భేదం లేదని రాసుకున్నారు. కాబట్టి జాతిని బట్టి లెక్కలు తీయడం ఆ అధికరణానికే విరుద్ధమని 2007లో రాజ్యాంగ మండలి తీర్పిచ్చింది. తక్కెడ అటకెక్కించి, తూకంలో తేడా ఏదీ అని అడగడమన్నమాట.

గణాంకాల గుమాస్తాకు ఆనని రంగు పోలీసుకు మాత్రం భేషుగ్గా ఆనుతుంది. ఆ తీర్పు వచ్చిన రోజుల్లోనే పరిశోధకులు కొందరు పారిస్‌లోని గార్ దు నార్, షాత్లే స్టేషన్ల దగ్గర గుంపులో కలిసి నిలబడి, పోలీసులు ఎవరిని ఆపుతున్నారో గుట్టుగా రాసుకున్నారు. 500 పైచిలుకు తనిఖీలు. తెల్లవాళ్ళు దర్జాగా నడిచిపోతుంటే నల్లవాళ్ళూ అరబ్బులూ జేబులు తడుముకుంటూ కాగితాలు తీస్తున్నారు. నల్లగానో అరబ్బుల్లానో కనిపించే కుర్రాళ్ళను ఆపే అవకాశం మిగతావాళ్ళకన్నా 20 రెట్లని 2017లో సాక్షాత్తూ ప్రభుత్వ హక్కుల పరిరక్షణ సంస్థే చెప్పింది.

ఆపినప్పుడల్లా రసీదు ఇప్పిస్తామని 2012లో అప్పటి అధ్యక్షుడు ఓలాండ్ ప్రభుత్వం ముచ్చటపడింది. రసీదులు పోగుపడితే ఎవడైనా లెక్కపెడతాడు కదా! కొన్ని నెలలకే ఆ మాట గాలికి పోయింది. 2023లో అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, ఈ వివక్ష నిజమే, ఒకటీ అరా సంఘటనలు కావు అని ఒప్పుకుని, విధానం మార్చమనడం మా పని కాదని చేతులు దులుపుకుంది.

ఇక అసలు ఘనకార్యం 2018 జూలైది. రాజ్యాంగంలోంచి ‘జాతి’ అన్న మాటనే కొట్టేద్దామని జాతీయ సభ తీర్మానించింది. మాట పోతే జబ్బూ పోతుందని కాబోలు. 577 సీట్ల సభలో ఓట్లను మాత్రం జాగ్రత్తగా లెక్కపెట్టారు: అనుకూలం 119, వ్యతిరేకం సున్నా. వారం తిరక్కుండా, అధ్యక్షుడి భద్రతా సహాయకుడొకడు పోలీసు హెల్మెట్ పెట్టుకుని మేడే నాడు నిరసనకారుల్ని చితకబాదిన వీడియో బయటపడింది. ఆ గొడవలో సవరణ అటకెక్కింది, తక్కెడ పక్కకే.