ఆరుగురు

గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి. మూడో అంతస్తు జనరల్ వార్డులో 31 మంచాలు. రాత్రి డ్యూటీకి స్టాఫ్ నర్సు ఒక్కతే.

డ్యూటీ ఎక్కగానే ఆమె ప్లాస్టర్ ముక్క చింపి ఎడమ ముంజేతికి అంటించుకుంటుంది. బెడ్ నంబరు, ఇంజెక్షన్ టైము, ఏ సెలైన్ ఎప్పుడు అయిపోతుందో దాని మీద పెన్నుతో రాసుకుంటుంది. ఒక ముక్క చాలదు. అర్ధరాత్రికి రెండోది పడుతుంది, తెల్లవారేసరికి మోచేయి దాకా వస్తాయి. పొద్దున్నే ఇంటికెళ్లి కొబ్బరినూనె రాసి ఊడదీస్తుంది. అయినా వెంట్రుకలు ఊడి వస్తాయి.

2016లో సుప్రీంకోర్టు చెప్పగా కేంద్రం వేసిన కమిటీ, ఎంత చిన్న ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20 వేలకు తగ్గకూడదంది. ఆమె చేతికి 14 వేలు వచ్చేవి. ఇంగ్లండు పోదామనుకుంది. ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ రాసింది. మూడింటిలో బి, రైటింగులో సి ప్లస్ వచ్చాయి. అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కు అది చాలు.

అడగ్గా అడగ్గా ఆసుపత్రి ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఇచ్చింది. నర్సుకు ఆరుగురు చొప్పున రోగులున్న వార్డులో పనిచేసిందని అందులో ఉంది. తనిఖీవాళ్ల కోసం గోడకు అంటించిన చార్టులోనూ అదే లెక్క. తనిఖీలు పగలే జరుగుతాయి. ఆ పూటకు నర్సింగ్ కాలేజీ పిల్లలొచ్చి మంచాల పక్కన నిలబడతారు.

"31 మంది కదా సార్" అంది, నర్సులను విదేశాలకు పంపే కన్సల్టెన్సీలో.

"31 అంటే ఎవరు నమ్ముతారమ్మా? పగటిపూట నర్సుకు ఎనిమిదిమంది దాటితే రోగికి ముప్పు పెరుగుతుందని 2014లోనే ఇంగ్లండువాళ్లు మార్గదర్శకాల్లో రాసుకున్నారు. అబద్ధమాడుతున్నావనుకుంటారు. కాగితంలో ఆరుంది, నోటితోనూ ఆరే చెప్పు" అన్నాడాయన.

ఇంగ్లండు ఆసుపత్రివాళ్ల ఇంటర్వ్యూ వీడియోలో. రాత్రి డ్యూటీ దిగి అటునుంచి అటే వెళ్లింది. ప్లాస్టర్లు తీయడానికి టైము లేక పొడుగు చేతుల డ్రెస్సు వేసుకుంది.

అవతల ఇద్దరు. మర్యాదస్తులు. రోగికి ఉన్నట్టుండి ఊపిరాడకపోతే మొదట ఏం చేస్తారు, పొరపాటున వేరే మందు ఇస్తే ఎవరికి చెబుతారు అని అడిగారు. తడుముకోకుండా చెప్పింది. చివరికి, రాత్రిపూట ఒక్కరే ఎంతమందిని చూసుకుంటారన్నారు.

"ఆరుగురిని."

ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. ఏదో రాసుకున్నారు. కెమెరాకు కనబడకుండా కూర్చున్న కన్సల్టెన్సీ ఆయన భేష్ అన్నట్టు తలూపాడు.

వారం తిరక్కుండానే మెయిలొచ్చింది. ఆమె పరిజ్ఞానాన్ని మెచ్చుకున్నారు. ఇంగ్లీషునూ మెచ్చుకున్నారు. తమ వార్డుల్లో రాత్రిళ్లు ఒక్కో నర్సు తొమ్మిదిమంది దాకా చూసుకోవాల్సి వస్తుందని, అంత పని ఒత్తిడి అలవాటు లేనివాళ్లను తీసుకోలేకపోతున్నందుకు విచారిస్తున్నామని రాశారు.