నేను కదల్లేదు, దేశాలే మారాయి

రాఖివ్ పట్టణానికి దిగువన, దిలోవె ఊరి దగ్గర, తిసా నది పక్కన నిలబడ్డ రాయిని నేను. 1887లో ఆస్ట్రియా-హంగరీ సర్వే వాళ్లు నన్నిక్కడ పాతి, ఒంటి మీద లాటిన్ అక్షరాలు చెక్కారు. యూరప్‌కి నడిబొడ్డు ఇదేనని చూడవచ్చినవాళ్లు మురిసిపోతారు. లిథువేనియా వాళ్లు తమ దగ్గరే అంటారు. ఆ తగువు నాకు పట్టదు. నా సీమ ఉక్రెయిన్‌లోని జకర్పాత్తియా, చెప్పాల్సింది దాని గురించే.

ఈ సీమకు ఉత్తరాన, తూర్పున కర్పాతియన్ కొండలు. వాటిలో 2,061 మీటర్ల హొవెర్లాకు మించిన శిఖరం ఉక్రెయిన్‌లోనే లేదు. నైరుతిన నేల చదునై హంగరీ మైదానంలో కలిసిపోతుంది. పోలండ్, స్లొవేకియా, హంగరీ, రొమేనియా నాలుగూ ఇరుగుపొరుగే. కీవ్‌కు పోవాలంటే మాత్రం కనుమలు ఎక్కి దిగాలి. అందుకే ఇక్కడ ఈనాటికీ చాలా ఇళ్లలో గడియారం హంగరీ లెక్కన, కీవ్ కంటే గంట వెనక నడుస్తుంది. బెరెహొవెలో హంగేరియన్, సొలొత్వినొ ఉప్పుగనుల ఊళ్లో రొమేనియన్, నా చుట్టూ కొండల్లో హుత్సుల్ జనం యాస.

నన్ను పాతిన రాజ్యం పోయింది, చెకోస్లొవేకియా వచ్చింది. 1939 మార్చి 15న ఖుస్త్ పట్టణంలో ఇక్కడి నాయకులు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. వాళ్లలో వొలోషిన్ అధ్యక్షుడయ్యాడు. కొద్దిరోజుల్లోనే హంగరీ సైన్యం అంతా ఆక్రమించింది. 1945లో సోవియట్, 1991 నుంచి ఉక్రెయిన్. ఊరు దాటని ముసలివాళ్లు కూడా నాలుగైదు దేశాల పౌరులుగా బతికారు.

జెండాలు మారితే రాయికి నొప్పేముంది? నొప్పి 1944లో తెలిసింది. ఆ వసంతంలో హంగరీ అధికారులు ఈ సీమలోని యూదులను గెట్టోలలో కుక్కి, రైలుపెట్టెల్లో ఆష్‌విట్జ్ మరణశిబిరానికి పంపారు. ముకాచెవోలో సగానికి దగ్గరగా వాళ్లే ఉండేవారు. వీధులకు వీధులే ఖాళీ అయ్యాయి. అదే ఏడాది చివర, సోవియట్ సైన్యం వచ్చాక, హంగేరియన్, జర్మన్ మగవాళ్లను మూడు రోజుల పనికని పిలిచి స్వల్యావ శిబిరానికి నడిపించారు. ఎందరో తిరిగి రాలేదు. ఇరుగుపొరుగు ఇళ్ల వాళ్లను ఒక ఏడాదిలోనే రెండు ప్రభుత్వాలు ఎత్తుకుపోయాయి. దీన్ని నేను క్షమించలేను.

2022లో రష్యా దండెత్తాక తూర్పు ఉక్రెయిన్ నుంచి తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఈ సీమకు చేరారు. ఇక్కడి జనం చోటిచ్చారు. నాకు కొంత దిగువన తిసా అవతలి ఒడ్డు రొమేనియా. యుద్ధానికి పోలేక ఆ ఒడ్డుకు ఈదబోయిన మగవాళ్లలో కొందరు మునిగి చనిపోయారు. కొండల మంచు కరిగి దిగే నీళ్లవి, చలి కొరికేస్తుంది, వడి ఎక్కువ. తెలియని మనిషి అందులో దిగకూడదు.