ఎమ్మెల్యే గారు మనకు బాగా కావలసినవారు!

ఎమ్మెల్యేతో పరిచయం లేని మనిషి మా ఊళ్లో దొరకడు. నిజంగా పరిచయం ఉన్నవాడూ దొరకడు. ఈ రెంటి మధ్యా నెగ్గుకురావడం ఒక విద్య. కొత్తగా చేరేవాళ్లకు కొన్ని మెలకువలు.

పిలుపు ముఖ్యం. నలుగురిలో ‘అన్న’, ఎదురుగా ‘సార్’, ఓడిపోయాక ‘ఆయన’.

ఫొటో దిగండి. ఆయన మీ వంక చూడక్కర్లేదు.

‘ఈసారి మంత్రి మీరేనటగా’ అనడం మరవకండి. 175 మంది సభలో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి మించి మంత్రులు ఉండకూడదు. అయినా అనండి. కాదన్న ఎమ్మెల్యేని నేనింతవరకు చూడలేదు.

ఇక అసలు విద్య: లెటరు. తిరుమల బ్రేక్ దర్శనానికి ఆరుగురి పేర్లు, ఆధార్ నంబర్లు, కింద ఆయన సంతకం. టికెట్టు 500 రూపాయలే గానీ ఆ కాగితం కోసం క్యాంపు ఆఫీసు బల్ల మీద రెండు పూటలు కూర్చుంటాం. పీఏకి టీ మనమే తెప్పిస్తాం. గన్‌మన్ పిల్లల చదువుల గురించి అడుగుతాం. ఆ రెండు పూటలూ సర్వదర్శనం క్యూలో నిలబడితే స్వామి కనబడేవాడేమో, కానీ అలా చూస్తే చుట్టాలకు చెప్పుకోవడానికి ఏముంటుంది? తెలంగాణ ఎమ్మెల్యేల లెటర్లు కొండమీద చెల్లడం లేదని గొడవైతే, విషయం ముఖ్యమంత్రుల దాకా వెళ్లి 2025 మార్చిలో తేలిపోయింది. కృష్ణా నీళ్ల వాటా ఇంకా తేలలేదు. దానికి లెటరిచ్చేవాళ్లు లేరు కాబోలు.

ఆయన పార్టీ మారితే కంగారు పడకండి. ఫిరాయింపులు ఆపడానికి 1985లోనే రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేర్చారు. అనర్హత తేల్చాల్సింది స్పీకరు. ఆయనకు తొందర లేకపోవచ్చు, మీకు ఉండాలి. తెల్లారేసరికి ఫ్లెక్సీ రంగు మారిపోవాలి.

పెళ్లికి పిలవండి. మా బాబాయి కూతురి పెళ్లికి ఆయన వచ్చారు. మూడు నిమిషాలున్నారు. అక్షింతలు వేశారు, ఆయన వెనకే వచ్చిన పదిహేను మంది భోజనాల దగ్గర కూర్చున్నారు, బాబాయి కళ్లు చెమర్చాయి. ఆ వేళకి వెలగపూడి అసెంబ్లీలో పద్దుల మీద చర్చ నడుస్తోంది. మా కాలవ పూడిక సంగతి అడగాల్సింది అక్కడే. ‘మీరు సభలో ఉండాలి కదండీ’ అని పందిట్లో ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు. రాకపోయి ఉంటే మాత్రం ‘గెలిచాక తల తిరిగింది’ అని మొదట అనేవాణ్ని నేనే.

ఓటేసి గెలిపించిన మనిషి ఏ బిల్లు మీద ఏం మాట్లాడాడో, అసలు మాట్లాడాడో లేదో నాకు తెలియదు. అడుగుదామని మొన్న క్యాంపు ఆఫీసుకి వెళ్లాను. లెటర్ల కోసం వచ్చినవాళ్ల వరస గేటు దాటింది. మా బావమరిది వాళ్లు వచ్చే వారం కొండకి వెళ్తామంటున్నారని అప్పుడే గుర్తొచ్చింది. వెళ్లి చివర నిలబడ్డాను.