అనుమానం వచ్చిన ప్రశ్నను ఉంచకండి

పోటీ పరీక్షలకు ప్రశ్నలు తయారుచేసేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఏదైనా ప్రశ్న ఒక వర్గం పిల్లల మీద పక్షపాతం చూపిస్తోందేమోనని అనుమానం వస్తే తీసి పారేయండి. విచారణ వద్దు. వందమంది దోషులు తప్పించుకున్నా ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదని కోర్టులో అంటారు. ప్రశ్నపత్రం దగ్గర ఆ న్యాయం తిరగబడాలి, ఎందుకంటే ఇక్కడ నిర్దోషి పిల్లవాడు. వంద మంచి ప్రశ్నలు పోయినా ఫరవాలేదు, ఒక్క చెడ్డ ప్రశ్న వాడి ముందుకు రాకూడదు.

ఒకే సత్తా ఉన్న ఇద్దరిలో ఒకడు తెలుగు మీడియం, ఇంకొకడు ఇంగ్లీషు మీడియం అనుకోండి. ఒకే ప్రశ్నకు సరైన జవాబు పెట్టే అవకాశం ఇద్దరికీ వేరువేరుగా ఉంటే దాన్ని డిఫ్ అంటారు. 1959లో మాంటెల్, హేన్‌స్జెల్ వ్యాధుల అధ్యయనం కోసం కట్టిన లెక్కను 1988లో హాలండ్, థేయర్ ప్రశ్నల మీదికి తెచ్చారు. అమెరికాలోని పరీక్షల సంస్థ ఈటీఎస్ ఆ లెక్కలో వచ్చే అంకెను బట్టి ప్రశ్నలను ఏ, బి, సి అని విడదీస్తుంది. తేడా 1 లోపు ఉంటే ఏ. 1.5కి చేరి, అది కాకతాళీయం కాదని కూడా తేలితే సి. బి రకాన్ని అవసరమైతే వాడుకుంటారు. మీరు వాడకండి.

అన్ని పరీక్షలకూ ఒకే అంకె అతకదు గనక సిమ్యులేషన్ వచ్చింది. 2011లో చోయ్, గిబ్బన్స్, క్రేన్ వివరించిన లార్డిఫ్ అనే ప్యాకేజీ ఈ పనే చేస్తుంది. పత్రంలో పక్షపాతమే లేదనుకుని కంప్యూటర్ మళ్ళీ మళ్ళీ ఉత్తుత్తి జవాబులు పుట్టిస్తుంది. కేవలం అదృష్టం వల్ల తేడా ఎంతవరకు పోతుందో అలా తెలుస్తుంది. నూటికి 99 తేడాలు ఏ గీత లోపల పడితే ఆ గీతే హద్దు. పద్ధతి బంగారం లాంటిది. వాడే తీరుతోనే నాకు పేచీ.

ఆ ఉత్తుత్తి పిల్లల సత్తాను అసలు డేటాలో ఉన్నట్టే ఉంచుతారు. వెనకబడిన వర్గం అక్కడా వెనకబడే ఉంటుంది. మీరలా చేయకండి, రెండు వర్గాలకూ ఒకే సగటు ఇవ్వండి. ఒకరి వెనకబాటును ముందే ఒప్పుకుని మొదలయ్యే లెక్క వాళ్ళకేం న్యాయం చేస్తుంది? సగటు సమానం చేస్తే హద్దు కిందికి దిగిపోవచ్చనీ, ఏ తప్పూ లేని ప్రశ్నలు కూడా పట్టుబడతాయనీ గణాంకవేత్తలు అడ్డు చెబుతారు. పట్టుబడనివ్వండి.

హద్దును 99 దగ్గర కాదు, 80 దగ్గర గీయండి. ఏ దోషమూ లేని పత్రంలో కూడా అప్పుడు ఐదింట ఒక ప్రశ్న పోతుంది. నూరు కావాలంటే నూటయాభై రాయించుకోండి. ప్రశ్నలు రాసేవాళ్ళు దొరుకుతారు, పోయిన సీటు దొరకదు.

పట్టుబడిన ప్రశ్నను నిపుణుల కమిటీకి పంపడం కూడా మానేయండి. అమెరికాలో కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీలో వచ్చిన ‘రెగట్టా’ ప్రశ్న ఇప్పటికీ చెప్పుకుంటారు. రెగట్టా అంటే పడవ పందెం, కలవాళ్ళ వినోదం. దాన్నీ చదువుకున్నవాళ్ళే చూసి సరేనన్నారు.

ఇలాంటి హద్దు ఒకటి ఇంతకు ముందే పెట్టారు. 1984లో గోల్డెన్ రూల్ బీమా కంపెనీకీ ఈటీఎస్‌కూ కోర్టు దావాలో రాజీ కుదిరింది. ఇల్లినాయ్‌లో బీమా ఏజెంట్ల లైసెన్సు పరీక్షలో నల్లవారికీ తెల్లవారికీ మధ్య సరైన జవాబుల శాతంలో తేడా 15 పాయింట్లు మించని ప్రశ్నలకు ముందు చోటివ్వాలన్నది అందులో ముఖ్యమైన షరతు. సత్తాలో తేడానూ ప్రశ్నలో లోపాన్నీ అది ఒకే గాటన కట్టిందని నిపుణులు మండిపడ్డారు. 1987లో ఈటీఎస్ అధ్యక్షుడు గ్రెగరీ ఆన్‌రిగ్ ఆ రాజీ పొరపాటేనన్నాడు. నేను ఒప్పుకోను. పరీక్షల చరిత్రలో పరీక్ష రాసేవాడి పక్షాన గీసిన మంచి గీత అదే, దాన్ని ఇంకా కిందికి లాగి ఉండాల్సింది.

మన దగ్గర రెండు భాషల్లో పత్రాలు తయారుచేసేవాళ్ళకు నా మనవి ఇది. వచ్చే పరీక్షకు సిమ్యులేషన్ నడిపేటప్పుడు, తెలుగు మీడియం పిల్లలున్నచోట హద్దును 80 దగ్గర కూడా కాదు, 70 దగ్గర పెట్టండి.