తూర్పున పటేలు చేను

కొనబోయే భూమి ఎవరిదో ఒక్కమాటలో తేల్చిచెప్పే కాగితం మన దేశంలో లేదు. ఉన్నవన్నీ సాక్షులే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తారు గానీ, అమ్మినవాడికి హక్కుందని పూచీ పడరు. అందుకే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో రెండెకరాలు కొనదలచిన మనిషికి నోట్ల కట్టకంటే ముందు కాగితాల కట్ట కావాలి.

చేనయితే తాసిల్దారు ఆఫీసు, ఇల్లో ప్లాటో అయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్‌తో వచ్చిన ఈ విభజన, దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చాకా ఉంది. తెర మీద గిరగిరా తిరిగే చక్రానికి మాత్రం ప్రభుత్వాలతో పనిలేదు.

చేనుకు ముందు పట్టాదారు పాస్‌బుక్ చూడాలి. అందులోని ఖాతా, సర్వే నంబర్లు, విస్తీర్ణం పోర్టల్‌లో ఉన్నవాటితో కలవాలి. ఆ నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింది నిషేధిత జాబితాలో ఉండకూడదు. ఇళ్లకు, ప్లాట్లకు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించాలి. కంప్యూటర్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది పుస్తకాల్లో వెతికించాల్సిందే. లింకు డాక్యుమెంట్లలో ఒక్క కొక్కెం ఊడినా బ్యాంకు వకీలు లోను ఆపేస్తాడు.

చేను పుట్టుపూర్వోత్తరాలకు 1954-55 ఖాస్రా పహాణీ దాకా వెళ్లాలి. పట్టాదారు ఒకరు, అనుభవదారు మరొకరు అయితే అక్కడ ఆగి నాలుగు ప్రశ్నలడగాలి. నకలుకు అర్జీ పెట్టేవాడికి తన ఊరు అప్పట్లో ఏ తాలూకాలో ఉండేదో తెలిసి ఉండాలి. 2016 అక్టోబరు 11 దాకా ఈ మూడు జిల్లాలే లేవు, అంతా మహబూబ్‌నగరే.

ఇక చెక్కుబందీ. దస్తావేజు చివర నాలుగు దిక్కుల హద్దులు రాస్తారు: తూర్పున పటేలు చేను, పడమర వాగు, ఉత్తరాన చింతచెట్టు, దక్షిణాన బండ్లబాట. రాసిన నాటికి ఊళ్లో ఎవరినడిగినా చెప్పే గుర్తులే. తర్వాత పటేలు కొడుకులు చేను పంచుకుని అమ్ముకున్నారు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేలు, పట్వారీ ఉద్యోగాలనే రద్దు చేసింది. అయినా పటేలు చేను ఇవాళ్టికీ తూర్పునే ఉంది, ఎందుకంటే దస్తావేజు రాసేవాడు పాతదాన్ని చూసి కొత్తది దించుతాడు. వాగు ఒక పెద్దవానకు పక్కకు జరిగింది. బండ్లబాట సీసీ రోడ్డయింది. అది ఎవరి వైపు ఎంత తిన్నదో రోడ్డుకే తెలియాలి. చింతచెట్టు ఎవరిదన్న తగాదాలో చెట్టునే కొట్టేశారు. కట్టెలు చెరిసగం పంచుకున్నారు, మొద్దు దగ్గర మళ్లీ తగాదా పడి దాన్నీ పెకలించారు.

విస్తీర్ణానికీ హద్దులకూ పొత్తు కుదరకపోతే కోర్టులు సాధారణంగా హద్దుల వైపే మొగ్గుతాయి. అంటే రెండెకరాల పది గుంటలన్న అంకె కంటే లేని చింతచెట్టు మాటకే విలువెక్కువ. చెట్టెక్కడని సర్వేయర్ అడిగితే ఊరి పెద్దమనిషి "గీడనే ఉండె సారూ" అని గాలిలో చెయ్యి తిప్పుతాడు. ఆ చెయ్యి తిరిగినంత మేర అయిదు గుంటలు. గుంటంటే 121 గజాలు. రోడ్డు పక్కన ప్లాట్ల ధరకు లెక్కేస్తే ఆ ఒక్క ఊపు ఖరీదుకు కారొస్తుంది. దీనికి మందు సర్వే కొలతల టిప్పన్, గ్రామ నక్షా నకళ్లు తీసుకుని, సర్వేకు దరఖాస్తు పెట్టి, మోకా మీద కొలిపించి, ఇప్పటి హద్దులు రాయించడమే. రిజిస్ట్రేషన్‌కు సర్వే మ్యాపు జతచేయాలన్న మాట భూభారతి చట్టంలోనూ ఉంది.

హద్దు తగాదా లేని సర్వే నంబర్లూ ఈ ప్రాంతంలో ఉన్నాయి. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. చేన్లను అలా విప్పి తేలేరు. ఆ రైతుల పాత పట్టాల్లో పేరూ నంబరూ అన్నీ సరిగ్గానే ఉంటాయి, భూమి మాత్రం నీళ్లకింద ఉంది. ఇటు సాదాబైనామాతో తెల్లకాగితం మీద కొని, ఏళ్ల తరబడి దున్నుతున్నవాళ్లకు భూమి ఉంది, పట్టా లేదు. ధరణిలో అనుభవదారు కాలమ్ ఎత్తేసినప్పుడు వాళ్లు రికార్డులోంచే మాయమయ్యారు. 2014 జూన్ 2కు ముందు కొని, 2020లో దరఖాస్తు పెట్టుకున్న సన్న, చిన్నకారు రైతులకు భూభారతి చట్టం దారి చూపింది. ఆ దరఖాస్తు పెట్టాలని తెలియనివాళ్లు, ఆ సమయంలో వలసపోయి ఊళ్లో లేనివాళ్లు ఎవరినడగాలి?

కట్ట సిద్ధమయ్యాక స్లాటు బుక్ చేసి, మార్కెట్ విలువ మీద స్టాంపు డ్యూటీ, రుసుములు కలిపి 7.5 శాతం కట్టి, ఇద్దరు సాక్షులతో వెళ్లాలి. చేనుకు రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే చోట అవుతాయి. ఇంటికైతే మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు మారిందో లేదో చూసుకోవాలి. మారకపోతే డబ్బు కొన్నవాడిది, ఇంటిపన్ను రసీదు అమ్మినవాడిది.