సంచీలో ఏవుందండీ?

విమానాశ్రయంలో తనిఖీ అంటే జనం ఊరికే భయపెడతారు. అమలాపురం నుంచి బయల్దేరేవాళ్లకి ఆ భయం అక్కర్లేదు. అంతకన్నా గట్టి తనిఖీలు దాటుకుంటేనే గానీ మనం విమానం దాకా వెళ్లలేం. మొదటిది మా వీధి అరుగు. రెండోది కొత్తపేటలో పిన్నిగారి ఇల్లు. మధురపూడి విమానాశ్రయంలో భద్రతావాళ్లది ఎక్కడో చివర్న, పాపం, నామమాత్రంగా ఉంటుంది.

మా చిన్నదానికి తొమ్మిదేళ్లు. టైప్ 1 డయాబెటిస్. వాళ్ల నాన్నకి కువైట్‌లో ఉద్యోగం. వేసవి సెలవులకి తల్లీకూతుళ్లం అక్కడికి బయల్దేరాం. రాజోలు, మలికిపురం వైపు కువైట్ అంటే పక్క మండలం కిందే లెక్క. అందుకని మా ప్రయాణం ఎవరికీ వింత కాలేదు. వింతల్లా నా భుజాన వేలాడే నీలం సంచీ.

“అందులో ఏవుందమ్మా?”

“ఇన్సులినండీ.”

“ఎవరికీ? మీ అత్తగారికా?”

“పాపకండీ.”

అక్కడితో కాఫీ గ్లాసులు కింద పెట్టేస్తారు. “ఆయ్! ఇంత పిల్లకి షుగరా! తీపి మరీ ఎక్కువ పెట్టేసుంటారు.” క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని ఒంట్లోని రక్షకదళమే శత్రువులనుకుని మట్టుబెడుతుందనీ, అందులో ఆత్రేయపురం పూతరేకుల ప్రమేయం ఏమీ లేదనీ వివరంగా చెబుతాను. శ్రద్ధగా వింటారు. తల ఊపుతారు. అంతా విని, “అంతేనంటావా? అయినా పరగడుపున కాకరకాయ రసం ఓసారి పట్టించి చూడమ్మా, పోయిందేముంది” అంటారు.

కొత్తపేట పిన్నిగారు ఇంకో మెట్టు పైన. “మా కాలంలో పిల్లలకి ఈ జబ్బులెక్కడివే?” అన్నారు. ఉండేవి పిన్నీ. పిల్లలే ఉండేవాళ్లు కాదు. 1922 జనవరిలో టొరంటోలో లెనర్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా, ఈ జబ్బొచ్చిన పిల్లలు ఆకలితో ఎముకలగూడై ఏడాదో రెండేళ్లో బతికేవారు. ఇదంతా చెబుదామనుకునేలోపే ఆవిడ పెరట్లోకెళ్లి కాకరకాయలు కోసుకొచ్చేశారు.

సామాను సర్దడం మరో భాగోతం. ఇన్సులిన్ కొత్త అల్లుడి లాంటిది. ఎండ పడదు, చలీ పడదు, మర్యాద ఏమాత్రం తగ్గినా పనికిరాకుండా పోతుంది. తెరవని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అలాగని గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకడితే కరిగాక చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ ఇక దాన్ని నమ్మడానికి లేదు. విమానం పొట్టలోకెళ్లే పెట్టెల దగ్గర చలికి భరోసా లేదు కాబట్టి మందంతా మనతోపాటు పైనే కూర్చోవాలి. పైగా అన్నీ రెట్టింపు. సూదులు, స్ట్రిప్పులు, మీటరు, చేతికంటించే సెన్సార్లు, షుగర్ పడిపోతే నోట్లో వెయ్యడానికి గ్లూకోజు. సగం నా సంచీలో, సగం పాప సంచీలో. ఒక సంచీ ఎక్కడైనా తప్పిపోయినా రెండోది ఆదుకోవాలి. వీటన్నిటి మీదా డాక్టరుగారి ఉత్తరం.

“అక్కడ దొరకదా ఏవిటి, ఇంత మోస్తున్నావు?” అన్నారు అత్తగారు. దొరక్కేం! పిల్లల టైప్ 1 ఎక్కువగా కనిపించే దేశాల్లో ఫిన్లాండ్‌తో పాటు కువైట్ పేరూ చెబుతారు. దస్మాన్ అని డయాబెటిస్ కోసమే పెద్ద సంస్థ పెట్టుకున్నారు వాళ్లు. కానీ దారిలో దొరకదు కదా. ఇంకో చిక్కు కూడా ఉంది. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకి 40 యూనిట్లవి ఎక్కువ, వాటికి ఎర్రమూత సిరంజి. బయట చాలా దేశాల్లో 100 యూనిట్లవి, వాటికి నారింజ మూత. ఇక్కడి సిరంజితో అక్కడి మందు ఎక్కించారంటే ఒకటికి రెండున్నర రెట్లు పడుతుంది. పెన్నులకి ఈ గొడవ లేదు గానీ, సీసాలు వాడేవాళ్లు దేశం దాటేటప్పుడు ఆ మందుకి తగ్గ సిరంజి ఇంట్లో మర్చిపోకూడదు.

అత్తగారి అసలు బాధ అది కాదని తర్వాత తెలిసింది. చేతిసంచీకి ఏడు కిలోలే. అందులో సూదులు చోటు ఆక్రమించేస్తే అంబాజీపేట కురిడీలు ఎక్కడ పెట్టాలి? ఆవిడ వెనక్కి తగ్గే మనిషి కాదు. పెద్దపెట్టెలో నా చీరల మడతల్లో దూర్చేశారు.

మధురపూడిలో ఎక్స్‌రే తెర ముందు కూర్చున్నాయన గుట్టలకొద్దీ సూదుల్ని చూసి కనురెప్ప కూడా ఎత్తలేదు. పెట్టె దగ్గరకొచ్చేసరికి లేచి నిలబడ్డాడు. “మేడమ్, ఇందులో కొబ్బరుందా?” ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చని విమానంలో పైకీ పనికిరాదు, కిందకీ పనికిరాదు. సూదులు విమానం ఎక్కాయి, కురిడీలు దిగిపోయాయి. 2024లో శబరిమల యాత్రికుల ఇరుముడి కొబ్బరికాయకి మాత్రం కొన్నాళ్లు మినహాయింపు ఇచ్చారు. కోనసీమ వాళ్లకి పుట్టుకతోనే అలాంటిదొకటి ఇవ్వాలని నా మనవి.

భద్రతా తనిఖీ దగ్గర కుర్ర పోలీసమ్మాయి. సంచీలోంచి తెల్లపొడి పొట్లం తీసి నావైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే మా చిన్నది హిందీలో అందుకుంది: అది గ్లూకోజు, ఇది ఇన్సులిన్, చేతికున్నది సెన్సారు, దీన్ని స్కానర్‌లోకి పంపొద్దని కంపెనీవాళ్లే చెప్పారు, కావాలంటే చేత్తో తడిమి చూసుకోండి. ఆ అమ్మాయి ఉత్తరం చదివి, తడిమి చూసి, “చలో బేటా” అంది. తీపి ఎక్కువ పెట్టారా అని అడగలేదు. కాకరకాయ ఊసే ఎత్తలేదు. నాకు ఆ అమ్మాయిని కొత్తపేట తీసుకెళ్లి పిన్నిగారికి పరిచయం చెయ్యాలనిపించింది.

హైదరాబాద్‌లో కువైట్ విమానం ఎక్కాం. అక్కడిది మనకన్నా రెండున్నర గంటలు వెనక నడిచే గడియారం కాబట్టి రాత్రి ఇంజక్షన్ వేళ ఎలా జరపాలో డాక్టరుగారు ముందే రాసిచ్చారు. డయాబెటిక్ భోజనం మాత్రం మేం ముందుగా చెప్పం. ఆ పేరుతో వచ్చే పళ్లెంలో ఎదిగే పిల్లకి సరిపోయే తిండి ఉండదు. మామూలు భోజనమే, అదీ పళ్లెం ఎదురుగా వచ్చాకే ఇంజక్షన్. బండి మూడు వరసల అవతల ఉండగానే పొడిచేసుకుంటే, ఈలోగా విమానం కుదుపులకి బండి వెనక్కెళ్లిపోతే, మన గతేంటి?

పక్క సీట్లో మలికిపురం పెద్దాయన, కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. ఆయన పళ్లెంలో ఉడికించిన కూరముక్కలు. మా చిన్నదాని పళ్లెంలో కేకు.

“షుగరన్నారు, కేకు తింటున్నావేంటమ్మా?”

“లెక్కేసి ఇంజక్షన్ చేసుకున్నాను తాతయ్యా.”

“నాకూ ఇన్సులినేలే.”

“మరి మీ పెన్నేదీ?”

“కింద పెద్దపెట్టెలో పడేశాడు మావాడు.”

మా చిన్నది చెంచా కింద పెట్టేసింది. గడ్డకట్టడం గురించి ఆయనకి పెద్ద పాఠమే చెప్పింది. ఆయన బుద్ధిగా విని, అటూ ఇటూ చూసి, లాల్చీ జేబులోంచి కాగితం పొట్లం తీశారు. పూతరేకులు.

“ఎన్ని తిన్నారు?”

“ఒక్కటేనమ్మా.”

“తాతయ్యా!”

“రెండున్నర. అయినా పంచదారవి కాదులే. బెల్లంవి. బెల్లం షుగరువాళ్లకి మంచిదేగా!”

మా చిన్నది నావైపు తిరిగింది. “అమ్మా, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?”